అమ్మాయి కెమికల్ ఇంజనీరింగు చదువుతానంటే



ఇంటర్ ఫలితాలు వచ్చేసి, ఎంసెట్ ర్యాంకులు తెలిసే రోజుల్లో మన ఇళ్ళల్లో ఒక హడావుడి మొదలవుతుంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అని మార్చారు లెండి, మన నోటికి మాత్రం ఎంసెట్టే. ఈ ర్యాంకుకి ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని పక్కింటివారి దగ్గర్నుంచి ఫోనులో మేనమామ దాకా అందరూ సలహా ఇచ్చేవారే. అందరి సలహా ఒకటే, కంప్యూటర్లు. అలాంటప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా "నేను కెమికల్ తీసుకుంటానమ్మా" అందనుకోండి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ఒక్కొక్కరే అందుకుంటారు. "యాసిడ్ల మధ్య ఆడపిల్లకేం పనే?" "రాత్రి డ్యూటీలు వేస్తేనో?" "రేపు సంబంధాలవాళ్ళు అడిగితే ఏం చెబుతాం?"

ఈమధ్య మన కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాల్లో ఒక తల్లి సరిగ్గా ఇదే రాశారు. వాళ్ళమ్మాయికి మంచి ర్యాంకే వచ్చిందట. కెమికల్ అయితే పేరున్న యూనివర్సిటీ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. కంప్యూటర్లే కావాలంటే ఊరి చివర ఏదో కొత్త కాలేజీలో చేరాలి. ఇంటాయన కంప్యూటర్లే అంటున్నారు. "పిల్ల రెండు రోజులుగా సరిగా అన్నం తినడంలేదు. అసలు ఆ చదువులో ఏముంటుందో నాకు తెలిస్తే కదా, దాని తరఫున ఒక మాట చెప్పడానికి?" అని ఆవిడ బాధ. న్యాయమైన బాధే. మనకి తెలియని చదువు గురించి మనం ఏ పక్కన నిలబడతాం?

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా ఈ విషయం మాట్లాడుతున్నానంటే కారణం మా అన్నయ్య కూతురు. ఇప్పుడు కెమికల్ ఇంజనీరింగు మూడో యేడు చదువుతోంది. సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాని పుస్తకాలు తిరగేసి, "ఇదేమిటే, అదేమిటే" అని ప్రాణం తీస్తూంటాను. పాపం, విసుక్కోకుండా చెబుతుంది. మొదటిసారి నేనడిగింది అందరూ అడిగేదే. "కెమిస్ట్రీకీ దీనికీ తేడా ఏమిటే?" దానికది, "నువ్వు నలుగురికి సాంబారు పెడతావు కదత్తా, నాలుగు వందలమందికి పెట్టమంటే ఏం చేస్తావ్?" అని ఎదురు ప్రశ్న వేసింది.

ఆలోచించండి. మనింట్లో నలుగురికి సాంబారు కాయడం మనకి వెన్నతో పెట్టిన విద్య. పెళ్ళిలో నాలుగు వందలమందికైతే పప్పూ చింతపండూ ఉప్పూ అన్నీ వందేసి రెట్లు గుండిగలో పోసేస్తే సరిపోతుందా? పోదు. మన గిన్నెలో పది నిమిషాల్లో పొంగు వచ్చేది అక్కడ గంటకీ రాదు. పైన నీళ్ళు నీళ్ళుగా ఉండగానే అడుగు మాడిపోతుంది. అందుకే గాడిపొయ్యి తవ్వేది, తెడ్డు పట్టుకుని ఒక మనిషి కలుపుతూ నిలబడేది. ఇంట్లో వంటచేసే పద్ధతి వేరు, పెళ్ళి వంట పద్ధతి వేరు. కెమిస్ట్రీ చదివినవారు గాజు గ్లాసులో ఒక మందునో రంగునో తయారుచేసి చూపిస్తారు. దాన్నే రోజుకి పది టన్నులు, మాడకుండా, పొంగకుండా, పేలకుండా, కొనగలిగే ధరలో ఎలా చెయ్యాలన్నది కెమికల్ ఇంజనీరు పని.

ఇందులో ఒక చిన్న లెక్కుంది. గిన్నెని అన్నివైపులా రెండింతలు చేస్తే అందులో పట్టే సరుకు ఎనిమిది రెట్లవుతుంది. వేడి లోపలికి పోవడానికీ, బయటికి రావడానికీ ఉన్న పైచుట్టు మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. అంటే పాత్ర పెద్దదవుతున్నకొద్దీ లోపలి వేడికి బయటకు దారి తగ్గిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఇంకాసేపట్లో విశాఖపట్నం సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ కావాలి.

ఈ చదువు మరీ పాతదేం కాదు. ఇంగ్లండులో జార్జి డేవిస్ అనే ఆయన ఉండేవారు. ఫ్యాక్టరీల పొగా వాసనా తనిఖీచేసే ఉద్యోగం. ఎన్నో ఫ్యాక్టరీలు తిరగ్గా తిరగ్గా ఆయనకి ఒక సంగతి తోచింది. సబ్బు చేసేవాడూ, రంగు చేసేవాడూ, సోడా చేసేవాడూ ఎవరికివారే తమది వేరే విద్య అనుకుంటారు కానీ, అందరూ చేసేది మరగబెట్టడం, వడగట్టడం, ఆరబెట్టడం, కలపడం, విడదీయడమే. ఈ మాట మీదే 1880లలో మాంచెస్టరులో పన్నెండు ఉపన్యాసాలిచ్చారు. అమెరికాలో ఎమ్.ఐ.టి. అనే పెద్ద సంస్థ 1888లో ఈ కోర్సు పెట్టింది. మన దేశంలో ముందుగా దారివేసింది బెంగాలులో జాదవ్‌పూర్ వారు. 1933లో బొంబాయి యూనివర్సిటీ వారు ఇందుకోసమే ఒక విభాగం తెరిచారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాల్తేరు కొండమీద కెమికల్ టెక్నాలజీ చెప్పడం కూడా ఆ 1930లలోనే మొదలైంది. ఇలాంటి చదువు మన గుమ్మంలోకి వచ్చి తొంభై యేళ్ళు కావస్తోంది. మనం ఇంకా దాన్ని కొత్త చుట్టంలా చూస్తున్నాం.

మరగబెట్టడం, వడగట్టడం, ఆరబెట్టడం అనగానే మీకూ నాలాగే నవ్వు వచ్చి ఉంటుంది. మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసేదదేగా! కాఫీ ఫిల్టరులో వేన్నీళ్ళు పోస్తే పొడిలో సారమంతా నీళ్ళలోకి దిగుతుంది. నూనెగింజల్లోంచి నూనె తీసే పెద్ద ఫ్యాక్టరీలోనూ జరిగేది దాదాపు అదే. వేన్నీళ్ళ బదులు అక్కడ వేరే ద్రవం వాడతారు. వడియాలు పెట్టినప్పుడు చూడండి, మొదటిపూట గబగబా ఆరతాయి, ఆ తర్వాత లోపలి తడి ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పైతడి వేరు, లోతడి వేరు. మందుబిళ్ళల పొడి ఆరబెట్టేచోట ఈ రెంటికీ వేరు వేరు లెక్కలు కడతారట. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట చెరుకురసం పెద్ద పెనంలో పోసి పిప్పి మంటమీద మరగబెడితే ఆవిరంతా గాలిలోకి పోతుంది. పంచదార మిల్లులో ఆ ఆవిరిని పోనివ్వరు. మొదటి పాత్రలోంచి వచ్చిన ఆవిరితోనే రెండో పాత్రని మరిగిస్తారు, దాని ఆవిరితో మూడోదాన్ని. ఒక్కొక్క పాత్రలో గాలి ఒత్తిడి తగ్గిస్తూ పోతే అంతకంతకీ తక్కువ వేడికే రసం మరుగుతుంది. కుక్కరులో ఒత్తిడి పెంచితే జరిగేదానికి ఇది సరిగ్గా తిరగేత. ఒకసారి కాల్చిన పిప్పితో మూడు నాలుగు మరుగులు! ఇది విన్నప్పుడు ఆ మొదట ఆలోచించినవారికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

అయితే ఒక మాట. వంటింటి పోలిక చెప్పానని ఇదేదో తేలికైన చదువనుకునేరు. కాదు. లెక్కలంటే భయపడే పిల్లకి ఈ దారి చెప్పకండి. మొదటి యేడు అన్ని ఇంజనీరింగులకీ ఉండేదే, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, డ్రాయింగు, కంప్యూటరు ప్రోగ్రాములు. రెండో యేట నుంచి అసలు చదువు. గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయి, వేడి ఎలా కదులుతుంది, కలిసిపోయినవాటిని ఎలా విడదీయాలి, రసాయనిక చర్య ఎంత వేగంగా నడుస్తుంది, దాన్ని ఎలా అదుపులో ఉంచాలి అని మెట్టు మెట్టుగా వెళుతుంది. ఆఖరి యేట ఒక ఫ్యాక్టరీ మొత్తాన్ని కాగితం మీద గీసి లెక్కకట్టి చూపించాలి.

వీటన్నిటికీ ముందు రెండో యేట మొదట్లో ఒక సబ్జెక్టు ఉంటుంది. మెటీరియల్ బ్యాలెన్సు అంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అది వట్టి జమాఖర్చుల పుస్తకం. ఫ్యాక్టరీలోకి వంద కిలోల సరుకు వెళ్ళిందనుకోండి, బయటికి వంద కిలోలూ లెక్క తేలాలి. తయారైన సరుకు డెబ్బై కిలోలే అయితే మిగతా ముప్ఫయ్యీ ఎటు పోయింది? గొట్టంలోంచి గాలిలోకి పోయిందా, కాలవలోకి పోయిందా, వెనక పెరట్లో పోగుపడిందా? "ఏమో, పోయింది" అనడానికి వీల్లేదు. నెలాఖరుకి ఇంటి ఖర్చులు రాసుకునేటప్పుడు రెండు వందలు తేడా వస్తే మనం నిద్రపోతామా? ఆ తేడా వచ్చినచోటే పర్యావరణ ఇంజనీరింగు అనే రెండో చదువు మొదలవుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు "ఆడపిల్లకెందుకు" అనేవారి దగ్గరకి వద్దాం. పెన్సిలిన్ పేరు వినని ఇల్లు ఉండదు. అది బూజులోంచి తీసే మందు. మొదట్లో సీసాల్లో, పళ్ళేల్లో పల్చగా పోసి పైన బూజు పెంచేవారు. అలా చేస్తే ఎన్ని పళ్ళేలు పెట్టినా ఒక ఆసుపత్రికే చాలేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ వేలమందికి మందు కావాలి. పళ్ళెంలో పెరిగేదాన్ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో, లోతంతా పెంచాలన్నారు. తోడుపెట్టిన పెరుగు గిన్నెలో ఒకలా, గంగాళంలో ఒకలా తోడుకోవడం మనకి తెలుసు. ఇక్కడ అంతకంటే కష్టం. లోపల అడుగుదాకా గాలి ఆడాలి, ఆ గాలితో వేరే సూక్ష్మజీవి ఒక్కటీ రాకూడదు, పుట్టే వేడిని ఎప్పటికప్పుడు లాగెయ్యాలి. ఆ ఫ్యాక్టరీని రూపొందించినవారిలో ముఖ్యురాలు మార్గరెట్ హచిన్సన్ అనే ఆవిడ. 1937లో ఎమ్.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగులో డాక్టరేటు పొందిన మొట్టమొదటి స్త్రీ. న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక పాత ఐసు ఫ్యాక్టరీని మార్చి 1944లో పెన్సిలిన్ తీయడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి నేటిదాకా ఆ మందు చలవవల్ల బతికిన బాలింతలెందరో, పసివాళ్ళెందరో!

మనవాళ్ళ మాట కూడా చెప్పాలి. మద్రాసులో పెరిగిన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలితగారికి పదిహేనేళ్ళకి పెళ్ళయింది. పద్దెనిమిదో యేట, చేతిలో నాలుగు నెలల పాపతో, భర్తని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి 1943లో పట్టా పుచ్చుకున్నారు. ఆవిడది ఎలక్ట్రికల్ అనుకోండి. ఆ పట్టాల మీద 'అతడు' అని ముందే అచ్చువేసి ఉంటే, దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చిందట. ఆనాటి రోజుల్లో, ఆవిడ ఉన్న పరిస్థితిలో ఆ తండ్రి "చదువుకోమ్మా" అన్నారు. ఇవాళ మనం ఆలోచనలో పడుతున్నాం!

సరే, ప్రమాదాల మాట. ఇది దాచి ప్రయోజనం లేదు. 1984 డిసెంబరులో భోపాల్ రాత్రి ఎవరూ మరచిపోలేరు. మనకి ఇంకా దగ్గరిది 2020 మే 7. విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. పన్నెండుమంది పోయారు. నిద్రలోంచి లేచి పరుగెడుతూ రోడ్డుమీదే పడిపోయినవారిని టీవీలో చూశాం. ఇది చూశాక ఏ తల్లయినా "ఈ చదువొద్దు బాబోయ్" అంటే తప్పు పట్టలేం.

కానీ ఆ రాత్రి జరిగిందేమిటో ఒకసారి వినండి. స్టైరీన్ అనేది ప్లాస్టిక్ చేసే ద్రవం. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, గడ్డకట్టకుండా ఒక మందు కలుపుతూ ఉండాలి. వేడెక్కితే తనలో తనే అతుక్కోవడం మొదలెడుతుంది. అతుక్కున్నప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా అతుక్కుంటుంది. చిన్న సీసాలో అయితే ఆ వేడి గాలికి పోతుంది. అంత పెద్ద ట్యాంకులో పోయే దారేది? ఇందాక గుండిగ లెక్క చెప్పానే, అదే. లాక్‌డౌనులో ఫ్యాక్టరీ మూసి ఉంది, ట్యాంకు మాత్రం నిండుగా ఉంది. ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చిందేమంటే, ట్యాంకులో వేడి చూసే సాధనం అడుగునే ఉంది. అడుగున చల్లగానే చూపిస్తోంది, పైన ఉడికిపోతోంది. స్నానానికి గీజరు వాడేవారికి తెలుసు, వేడంతా పైకి చేరుతుంది. భోపాల్‌లోనూ ఆ విషపు ద్రవాన్ని చల్లబరిచే యంత్రాన్ని కొన్ని నెలల ముందే ఆపేశారు.

ఇప్పుడు చెప్పండి. ఈ రెండు చోట్లా కొరవడినది ఏమిటి? "పైనెంత వేడుందో చూశారా?" అని అడిగే మనిషి. అడిగాక మాట చెల్లించుకోగల మనిషి. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి, ప్రమాదకరమైన పనులేమిటో చుట్టుపక్కల జనానికి కూడా తెలియజేయాలన్నారు. కాలేజీల్లో భద్రత గురించి ప్రత్యేకంగా పాఠాలు చెబుతున్నారు. ఆ పాఠం విన్నవారు ఫ్యాక్టరీ లోపల ఎంతమంది ఉంటే బయట ఉన్న మన ఇళ్ళకి అంత మంచిది. మన పిల్లలు చదవకపోతే ఫ్యాక్టరీలు ఆగిపోవు కదా.

ఇక పర్యావరణ ఇంజనీరింగు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం తర్వాత డిగ్రీ చదివే పిల్లలందరికీ పర్యావరణం మీద ఒక పేపరు పెట్టారు. బి.కాం. వాళ్ళకీ ఉంటుంది. దాన్ని చూసి "ఓస్, ఇదేగా" అనుకోకండి. అది వేరు, ఇంజనీరింగు వేరు. నీళ్ళూ, మురుగూ, పొగా, చెత్తా ఇన్ని లీటర్లు, ఇన్ని టన్నులు అని లెక్కకట్టి శుభ్రంచేసే ఏర్పాట్లు చెయ్యడం ఈ చదువు. బి.టెక్.లోనే ఇది చెప్పే కాలేజీలు మన దేశంలో తక్కువ. ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో ఉంది, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీలో ఉంది. మనవైపు ఎక్కువగా సివిలో కెమికలో చదివి, ఎం.టెక్.లో ఇటు వస్తారు. గేట్ పరీక్షలో కూడా 2021 నుంచి దీనికి వేరే పేపరు పెట్టారు.

ఈ విద్యకి తల్లివేరు కూడా ఒక ఆడమనిషే. ఎలెన్ స్వాలో అని, 1870లో ఎమ్.ఐ.టి.లో చేరిన మొదటి విద్యార్థిని. ఆవిడ దగ్గర ఫీజు తీసుకోలేదు. పేదరాలినని దయతలిచారనుకుందట పాపం. అసలు సంగతేమిటంటే, ఎవరైనా అడిగితే "ఆవిడ మా విద్యార్థి కాదు" అని చెప్పుకోవడానికి! ఆవిడే తర్వాత అక్కడే పరిశుభ్రతకి సంబంధించిన రసాయన శాస్త్రం బోధించింది. 1887 నుంచి మసాచుసెట్స్ రాష్ట్రమంతటా నదుల్లో, చెరువుల్లో, బావుల్లో నీళ్ళు వేలకొద్దీ సీసాల్లో తెప్పించి పరీక్షించింది. మనం హోం సైన్సు అంటామే, దాన్ని స్థాపించినవారిలోనూ పెద్ద ఆవిడే. ఇంటి శుభ్రం, ఊరి నీళ్ళు ఆవిడకి రెండు కావు.

మనవైపు ఈ చదువుకి పని ఎంత ఉందో ఒకటి రెండు చెబుతాను. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవారిని, కాళ్ళు దొడ్డికాళ్ళైన పిల్లల్ని మీలో చూసినవారున్నారు. నాగపూరులో నీరీ అనే పరిశోధన సంస్థ ఉంది. 1970లలో వారు ఒక పద్ధతి కనిపెట్టారు. దానికి పేరే నల్లగొండ పద్ధతి, ప్రపంచమంతా అలాగే అంటారు. ఏముంది అందులో? పటిక, సున్నం, బ్లీచింగు పొడి. నీళ్ళలో లెక్కప్రకారం కలిపి తిప్పితే దూదిపింజల్లా కట్టి, ఫ్లోరైడుని పట్టుకుని అడుక్కి దిగుతాయి. మన అమ్మమ్మలు గోదావరి వరదనీళ్ళలో పటికముక్క తిప్పేవారు, చిల్లగింజ అరగదీసి కలిపేవారు. అదే తీరు, లెక్క తోడైంది. లీటరుకి ఒకటిన్నర మిల్లిగ్రాముల ఫ్లోరైడు దాటకూడదని ప్రమాణం. అయితే పటిక ఎంత వెయ్యాలో ఏ నీళ్ళకానీళ్ళు చూసి వెయ్యాలి, అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పోయాలో చూసుకోవాలి. రోజూ చూసే మనిషి లేని ఊళ్ళో ఆ ట్యాంకులు మూలపడ్డాయి. తర్వాత కృష్ణ నీళ్ళు గొట్టాల్లో తెచ్చారు.

రెండోది హైదరాబాదు పక్కన పటాన్‌చెరు. మందుల ఫ్యాక్టరీల మురుగంతా ఒకచోట చేర్చి శుభ్రంచేసే కేంద్రం ఒకటి పెట్టారు. స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడ శుభ్రంచేసి వదిలిన నీళ్ళని పరీక్షించి 2007లో ప్రకటించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ ఆ నీళ్ళలో లీటరుకి 31 మిల్లిగ్రాముల దాకా ఉంది. జ్వరం వచ్చి ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు! అలాంటి నీళ్ళలో బతకనేర్చిన సూక్ష్మజీవులు రేపు మన పిల్లలకి పడితే ఏ మందు పనిచేస్తుంది? మురుగునీటి కేంద్రాల్లో మామూలుగా చూసే పరీక్ష బి.ఓ.డి. అని ఒకటి. నీళ్ళలో కుళ్ళు తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ప్రాణవాయువు కావలసివస్తుందో చెబుతుంది. ఇంగ్లండులో అయిదు రోజులు 20 డిగ్రీల్లో పెట్టి చూసేవారు. మన వేడికి తగ్గట్టు ఇక్కడ మూడు రోజులు 27 డిగ్రీల్లో చూస్తున్నారు. ఆ పరీక్షలో నీళ్ళు నెగ్గినా, మందు మాత్రం కనపడదు. కనపడనిదాన్ని వెతకాలంటే ముందు లోపలికి వెళ్ళిందేమిటో లెక్క తెలియాలి. చూశారా, మళ్ళీ జమాఖర్చుల పుస్తకం దగ్గరకే వచ్చాం.

ఇక ఆడపిల్లల ఇబ్బందులు. లేవని నేననను. మా మేనకోడలు వేసవిలో ఒక ఫ్యాక్టరీకి శిక్షణకి వెళ్ళింది. దాని పేరెందుకు లెండి. మొదటిరోజు మగపిల్లల్ని అయిదంతస్తుల ఎత్తున్న టవరు ఎక్కించి చూపించి, దీన్ని మాత్రం ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు చదువుకోమన్నారు. "నేనూ అదే పరీక్ష రాయాలి కదండీ" అని మర్యాదగానే అడిగింది. మర్నాడు హెల్మెట్టు ఇచ్చి ఎక్కించారు. అసలు బాధ అది కాదు. ఆ ప్లాంటు దగ్గర ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అరకిలోమీటరు నడిచి ఆఫీసు దగ్గరకి రావాలి. అందుకని ఆ పిల్ల నెలరోజులూ నీళ్ళు తాగడం తగ్గించేసింది. మే నెలలో! ఇది విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. స్త్రీలకి విడిగా మరుగుదొడ్డి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది. ఎవరో దయతలచి కట్టించేది కాదది.

రాత్రి డ్యూటీల సంగతికి వస్తే, ఆ 1948 చట్టం ఆడవాళ్ళని రాత్రిపూట ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదంది. మన మంచికే అన్నారు గానీ, దాన్ని చూపించి అసలు ఉద్యోగమే ఇవ్వనివాళ్ళు చాలామంది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రతా చట్టం ప్రకారం, ఆమె ఒప్పుకుంటే, రక్షణ, రాకపోకలు ఏర్పాటుచేస్తే రాత్రి పని చెయ్యవచ్చు. ఒప్పుకుంటే అన్న ముక్క మీద గట్టిగా నిలబడాలి. ఇంకో సంగతి, కెమికల్ చదివినవారందరూ బాయిలరు పక్కనే ఉండరు. డిజైను ఆఫీసులున్నాయి, మందుల పరిశోధనలున్నాయి, ఆహారపదార్థాల పరిశ్రమ ఉంది, కాలుష్య నియంత్రణ మండలి ఉంది, బోధన ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి కనుక చెబుతున్నాను, కెమికల్ చదివి చివరికి సాఫ్ట్‌వేరులో చేరేవారూ తక్కువేమీ కాదు. అంటే ఇటు వస్తే అటు దారి మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

సీట్ల మాట కూడా తెలిసి ఉండాలి. మన రాష్ట్రాల ఇంజనీరింగు ప్రవేశాల్లో మూడోవంతు సీట్లు ఆడపిల్లలకి. ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లలో 2018 నుంచి అమ్మాయిలకోసం అదనపు సీట్లు కలుపుతూ వచ్చారు. ఉన్నవాటిలోంచి తీసివ్వడం కాదు, అదనంగా. ఈ అదనపు సీట్లవల్ల మన వరంగల్లులో పేరున్న బ్రాంచి దొరికే అవకాశం పెరిగింది. ఇంటర్‌దాకా పోలేని పిల్లకి పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో కెమికల్ డిప్లొమా చదివే దారి ఉంది. ఆ తర్వాత బి.టెక్. రెండో యేట్లో చేరవచ్చు.

ఏ కాలేజీ అయినా చేరేముందు ఒకసారి మీరే వెళ్ళి చూడండి. గేటు దగ్గర పూలకుండీలు, ఏసీ హాలు చూసి రాకండి. కెమికల్ లేబొరేటరీ చూపించమనండి. అక్కడి గొట్టాలూ ట్యాంకులూ నడుస్తున్నాయా, దుమ్ముపట్టి ఉన్నాయా? నేలమీద తడి ఉందో లేదో చూడండి. రోజూ వాడే లేబొరేటరీలో కాస్తయినా తడి ఉంటుంది, ఎండిపోయిన వంటిల్లు మనకి తెలియదూ? ఎంతమంది మాస్టర్లున్నారు, వేసవి శిక్షణకి పిల్లల్ని ఎక్కడికి పంపుతారు, అమ్మాయిల్ని కూడా పంపుతారా అని అడగండి. పై క్లాసు అమ్మాయి ఎవరైనా కనిపిస్తే పక్కకి పిలిచి రెండు నిమిషాలు మాట్లాడండి. మాస్టర్లు చెప్పనిది ఆ పిల్ల చెబుతుంది. నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో కూర్చుని వాదించేకంటే ఆ గొట్టాల ముందు నిలబెట్టి పిల్లచేత ఒకదాని గురించి చెప్పించడం మేలు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు అమ్మాయినే కూర్చోబెట్టి, దానిచేతే పెట్టించండి. నెట్ సెంటరు అబ్బాయి చేతికి పాస్‌వర్డు ఇచ్చి రాకండి. పెట్టినవన్నీ కాగితం మీద రాసుకుని, గడువు ముగిసేలోగా ఇంకోసారి సరిచూసుకోండి. మార్పులు చేసుకోవడానికి ఆఖరి తేదీ దాకా వీలుంటుంది. ఉత్తరం రాసిన తల్లిగారూ, మీ అమ్మాయి ఏం తీసుకుందో మాకు రాయండి.